క్రిస్మస్ బీరుకి తోడు

నార్వే, వోస్ లోయ. నవంబరు చివర ఒక మధ్యాహ్నం. సిగ్నె వంటిల్లు. పక్క పొలం ఐవిన్ ఖాళీ సీసా పట్టుకుని వచ్చాడు.

"లేదంటే లేదయ్యా ఐవిన్. ఎన్నిసార్లు చెప్పించుకుంటావ్? కాఫీ తాగు, చల్లారిపోతోంది."

"ఒక్క చెంచా చాలొదినా. నీ ఇంట్లో బీరు పులియబెట్టే తోడు లేకపోవడమేంటి? వేసవిలో తొట్టి దాటి పొంగి మెట్ల మీదకొచ్చిందని నువ్వే చెప్పావు."

"అది వేసవి మాట. అయినా మీ ఇంట్లో లేకపోవడమేంటి? మాది నూట యాభై ఏళ్ళ తోడు అని మీ నాన్న లోయంతా చాటింపేస్తాడుగా."

"ఉంది. ఉందిలే. కాస్త నీరసపడింది."

"నీరసపడిందా. జ్వరమా?"

"ఎగతాళి వద్దొదినా. ఎలకలు పడ్డాయి."

"నీరసపడ్డాక ఎలకలు పడ్డాయా, ఎలకలు పడ్డాక నీరసపడిందా?"

"రెండూను."

"మీ ఇంట్లో పిల్లులు మూడున్నాయి."

"అవి ముసలివైపోయాయి."

"చూడు, నేనీ ఇంటికి కాపురానికొచ్చేసరికి నీకు ఎనిమిదేళ్ళు. అబద్ధమాడితే చెవి లాక్కునేవాడివి. ఇప్పుడు నీకు యాభై మూడు. చెయ్యి దించు."

"దించాను. ఇస్తావా?"

"లేదన్నానా? కొట్లో పాకెట్ ఈస్ట్ అమ్ముతున్నారు, కొనుక్కో. ఏదో ఒకటి, పొంగితే చాలదూ?"

"ఆ మాట నువ్వా అనేది? గొర్రెలు ఈనే రోజుల్లో పల్చటి బీరు, జూలైలో గడ్డి కోతలకి దాహం తీర్చేది, చలి మొదలై గొర్రెల్ని కోసేటప్పుడు ఎర్రది, క్రిస్మస్‌కి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కాచిన నల్లటిది. ఏ కాలానికి ఏది కాచినా లోపల తోడు ఒకటే. మూత తీస్తే నారింజ తొక్క వాసన రావాలి. అది లేకపోతే మా ఇంటి బీరే కాదు. పైగా నీ దగ్గరున్నదీ మాదే. మీ పెళ్ళికి నాన్న మోన్స్ అన్న చేతిలో పెట్టాడు, మర్చిపోయావా?"

"మర్చిపోతానా? అందరూ వెండి చెంచాలిస్తే మీ నాన్న ఒక్కడూ సీసాడు నురగ తెచ్చిచ్చాడు. మా అమ్మ వారం రోజులు నవ్వింది."

"అందులోంచే ఒక చెంచా."

"లేదు నాయనా. ఈ ఏడు భుజం నొప్పితో గడ్డి కోతల తర్వాత నేను మళ్ళీ కాచలేదు. ఒకటే సీసా మిగిలింది. అది మంగళవారం ఇచ్చేశాను."

"ఎవరికి?"

"ఒకాయనకి."

"ఎవరా ఒకాయన?"

"రొట్టె మీద చీజ్ వేసుకో. మేకపాలది, మొన్ననే తెచ్చాను."

"చీజ్ వేసుకుంటాలే. ఎవరికిచ్చావ్? చెప్తే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

"చెప్పనని మాటిచ్చాను. ఆయన పరువు సంగతి. ముందు నీ సంగతి చెప్పు. ఎలకల్ని వదిలేసి చెప్పు."

"నవ్వకూడదు మరి."

"నేనెందుకు నవ్వుతాను?"

"జూలైలో బీరు మీద తేలిన నురగ తీసి, కాగితం మీద పల్చగా పరిచాను, ఎండబెట్టి దాచుకుందామని. చూస్తే బయట ఒకటే వాన. ఎక్కడా ఆరదు. ఓవెన్ చల్లగా ఉంది కదా, అందులో పెడితే ఈగలు కూడా వాలవని పెట్టి తలుపేశాను. వాన కాస్త తెరిపివ్వగానే గడ్డి తిరగెయ్యడానికి పొలం వెళ్ళాను. సాయంత్రం వచ్చి చూస్తే బొగ్గు. ఎవరో ఓవెన్ వెలిగించారు. కొత్తది చేతికొస్తోంది కదా అని పాతదంతా తొట్టిలో వేసేశాను, చిటికెడు కూడా మిగల్లేదు. మా ముత్తాత నాటిది, ఒక్క పూటలో... వదినా, నవ్వనన్నావ్."

"దగ్గొచ్చిందయ్యా. మరి గొర్రెల కోతప్పుడు మమ్మల్నందర్నీ పిలిచి బీరు పోశావే, అదేంటి?"

"పాకెట్ ఈస్ట్."

"అదీ సంగతి. సబ్బునీళ్ళలా ఉంది."

"అమృతంలా ఉందన్నావు కదా వదినా."

"నీ బల్ల దగ్గర కూర్చుని, నీ మాంసం తింటూ ఏమంటాను మరి? మీ నాన్న ఏమన్నాడు?"

"అదే నన్ను తినేస్తోంది. తోడు వేసేటప్పుడు అందరం కలిసి అరుస్తాం కదా, అది నిద్ర లేచి పని మొదలెట్టాలని. నాన్న ఎన్నడూ లేనంత అరిచాడు. ఎదురు కొండ మీద గొర్రెలు బెదిరాయి. ఏం చూసి అరిచాడు, ఆ పాకెట్ పొడిని చూసి. నేను పక్కన నిలబడి తల వంచుకున్నాను. తర్వాత బీరు తాగి, ‘మా తాత కాచినట్టే ఉందిరా’ అన్నాడు. ఆయన నాలుక సంగతి నీకు తెలుసుగా, నీళ్ళు గుక్కెడు తాగి ఏ వాగువో చెప్పేవాడు. ఆ నాలుక పోయిందనుకున్నాను. గొర్రెల దొడ్లోకెళ్ళి ఏడ్చాను వదినా, నిజం. నాలుగు తిట్టుంటే ఎంత బావుండేదో."

"నాలుకెక్కడికీ పోలేదులే."

"నీకెలా తెలుసు?"

"ఊరికే అన్నాను. పోనీ ఆయనకి చెప్పెయ్యరాదూ?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? తోడు నిలబెట్టుకోలేనివాడు ఇల్లేం నిలబెడతాడని చిన్నప్పట్నుంచీ నూరిపోశాడు. పెళ్ళిలో నా చేతిలో ఇంటి తాళాలు పెట్టలేదు, ఆ నురగ సీసా పెట్టాడు. ఇప్పుడు ఎనభై ఎనిమిదేళ్ళు. ఇదే నా ఆఖరి క్రిస్మస్ బీరు అంటున్నాడు."

"పదకొండేళ్ళుగా అంటున్నాడు."

"ఈసారి నిజమైతే? ఆఖరిసారి ఆయన గొంతులో సబ్బునీళ్ళు పొయ్యనా? శనివారం కాస్తున్నాం. బీరు వడకట్టడానికి జూనిపర్ కొమ్మలు కోసుకొచ్చాను, రాగి కాగు తోమి బోర్లించాను, కట్టెలు పేర్చాను. అన్నీ ఉన్నాయి. ఐదోతనం ఒక్కటే లేదు."

"మాటలు బాగా నేర్చావు. మీ ఆవిడ గూరో ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదు. అదీ ఒక ఏడుపే. ఓవెన్ నువ్వే వెలిగించావన్నాను. కాదంది. రొట్టెలు చేసేది నువ్వు కాక ఇంకెవరన్నాను. బైబిల్ మీద చెయ్యేసి కాదంది. అయినా నేను ఊరుకోలేదు, నోరు జారాను. నీ పుట్టింటివాళ్ళకి తోడు విలువ ఏం తెలుసన్నాను."

"అబ్బో."

"నాలుగు నెలలైంది. ‘ఉప్పందుకో’, ‘తలుపెయ్యి’, ఈ రెండే మాటలు మా మధ్య. నా కాఫీ నేనే పెట్టుకుంటున్నాను."

"అందుకా ఇక్కడ మూడు కప్పులు లాగించావు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ప్రమాణం చేస్తే నమ్మలేకపోయావా?"

"ఎలా నమ్మమంటావ్? ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను పొలంలో ఉన్నాను. మరి పిల్లులు వెలిగించాయా?"

"ఖుహ్... ఖుహుహు..."

"ఏంటొదినా, మళ్ళీ దగ్గా?"

"కాదు, నవ్వే. ఇంక నా వల్ల కాదు. మాట తప్పుతున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. మంగళవారం వచ్చింది మీ నాన్న."

"నాన్నా? ఇక్కడికా?"

"కర్ర పొడుచుకుంటూ, ఆ మంచులో, సీసా కోటు కింద దాచుకుని. ముందు ఎలకలన్నాడు. మీ ఇంట్లో అందరికీ ఎలకలు తప్ప ఇంకో అబద్ధం తట్టదనుకుంటాను. నేను పిల్లుల మాటెత్తకుండా కాఫీ పోశాను. కాసేపటికి కళ్ళు తుడుచుకున్నాడు. శనివారం అరుస్తూ అరుస్తూ, మీ కళ్ళు గప్పి, నా సీసా తొట్టిలో ఒంపేస్తాడట. ‘వాడికి మాత్రం తెలియనివ్వకమ్మా’ అన్నాడు."

"అంటే, మా తోడు పోయిందని తెలిసే ఆ బీరు తాగాడా?"

"తెలిసే తాగాడు. మర్నాడు ఇక్కడికొచ్చి నా దగ్గర మిగిలిన వేసవి బీరుతో నోరు పుక్కిలించాడు. అప్పుడు కారణం చెప్పలేదు, పంటి నొప్పన్నాడు."

"తెలిసీ ఒక్క మాట అనలేదు. నా పరువు కాపాడ్డానికి మెచ్చుకున్నాడు. అంత అరుపు అరిచాడు. నేనేమో నాలుక పోయిందనుకున్నాను. ఉండొదినా, ఇప్పుడే వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడతాను, నేనే కాల్చానని చెప్పేస్తాను."

"కూర్చో. పడితే ముందు గూరో కాళ్ళ మీద పడు."

"గూరోదేముంది, అది తర్వాత చూసుకుంటాను. ముందు నాన్న..."

"మీ నాన్న కళ్ళు తుడుచుకుంది నీకోసం కాదయ్యా. నాలుగు నెలలుగా కోడలు పడరాని మాటలు పడుతుంటే, ఎదురుగా కూర్చుని నోరు విప్పలేక చస్తున్నాడు. ఆ రోజు వానలో తడిసిన మేజోళ్ళు ఆరబెట్టుకుందామని ఓవెన్ వెలిగించింది ఆయనే."