అరువు గొంతు

మధ్యాహ్నం. అక్క ఇంట్లో లాప్‌టాప్ ముందు, తమ్ముడు తన ఆఫీసు మెట్ల మీద, ఇద్దరి మధ్యా ఫోను. బావ అక్క పక్కనే కుర్చీలో ఉన్నాడు గానీ, గొంతు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆయన టైపు చేస్తే లాప్‌టాప్ పలకాలి. ఆ లాప్‌టాప్ ఇప్పుడు మొండికేసి కూర్చుంది.

"...కాదురా చిన్నా, నొక్కుతూనే ఉన్నా. బొమ్మ మీద నొక్కితే బాణం పక్కన చక్రం తిరుగుతుంది, తిరుగుతుంది, అలిసిపోయి ఆగిపోతుంది. అంతే. యాప్ తెరుచుకోదు."

"ఎప్పట్నుంచి?"

"ఇదిగో... ఆదివారం నుంచి."

"ఆదివారమా! ఇవాళ బుధవారం అక్కా. మూడింటికి స్కూలు కమిటీని పెట్టుకుని ఇప్పుడా చెప్పేది?"

"నీకు పనులుంటాయని."

"నాకు పనులు లేనిదెప్పుడు? రాత్రంతా ఆఫీసు సర్వర్లకి కాపలా కాసి కూర్చున్నా, కళ్లు భగ్గున మండుతున్నాయి. సరే, ఆదివారం దాన్నేం చేశావు?"

"నేనేం చేస్తాను."

"అక్కా."

"అప్‌డేట్లున్నాయంది."

"అంటే?"

"నొక్కాను."

"నొక్కొద్దని చెప్పానా?"

"చెప్పావు."

"కాగితం మీద రాసి స్క్రీన్‌కి అంటించానా?"

"అంటించావు. ఇంకా ఉంది, కాస్త మూల లేచింది."

"మరి?"

"నొక్కానురా బాబూ, నొక్కేశాను. ఇప్పుడు నన్ను ఉరి తీస్తే అది తెరుచుకుంటుందా చెప్పు, తియ్యి. అసలు అందరిలాగా మామూలుది పెట్టక ఈ లైనక్స్ ఎందుకు పెట్టావు?"

"ఆ ముసలి లాప్‌టాప్ ఇంకేదీ మొయ్యలేదు కాబట్టి. అది సరే, స్కూలు వాళ్లు వాయిదా ఏమైనా ఇస్తారా?"

"పొద్దునే హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. కమిటీ వాళ్లు తొమ్మిదో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుంటారట. ఈయన దీంతో ఒక లెక్కల పాఠం చెప్పాలి, పిల్లలు అడిగితే జవాబివ్వాలి. చెప్పగలిగితే మాస్టారు, లేకపోతే స్టోర్‌రూమ్‌లో మ్యాపులూ గ్లోబులూ తుడిచే పని. అదీ దయతలిచి."

"బోర్డు మీద రాసి చెప్తే?"

"రాస్తే పాఠం కాదట. మాట ఉండాలట."

"బావ ఏమంటున్నాడు?"

"ఏమంటారు? అనడానికేగా ఇది కావలసింది."

"అబ్బా, అది కాదే..."

"టేబుల్ మీద వేలితో కొడుతున్నారు. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. వరసపెట్టి కొడితే తిట్టు."

"ఇప్పుడెలా కొడుతున్నాడు?"

"వరసపెట్టి."

"నన్నా, నిన్నా?"

"మనిద్దర్నీ. త్వరగా చెప్పరా."

"నల్ల కిటికీ తెరువు. కంట్రోల్, ఆల్ట్, టి, మూడూ కలిపి."

"దెయ్యం కిటికీ. ఆఁ, వచ్చింది."

"యాప్ పేరు కొట్టు. ఎమ్, ఏ, ఏ, టి, ఏ."

"ఎమ్ అంటే మంచం?"

"మంచమే. టి అంటే టబ్బు. ఎంటర్ కొట్టు. ఏమంది?"

"ఇంగ్లీషులో తిట్టింది."

"చదువు."

"ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్... తర్వాత ఎల్, ఐ, బి, బి అంటే బకెట్టు, ఏదో పొడుగు పేరుంది, చివర చుక్క పెట్టి ఏడు. కెనాట్ ఓపెన్... నో సచ్ ఫైల్."

"దొరికాడు దొంగ."

"ఎవడు?"

"మన యాప్ బతకాలంటే లైబ్రరీ అనే ముక్క ఒకటి, ఏడో నంబరుది, ఉండాలి. నీ అప్‌డేటు దాన్ని పీకి పారేసి ఎనిమిది పెట్టింది."

"ఏడు కంటే ఎనిమిది ఎక్కువేగా. అందులో ఏడు ఉండదా?"

"ఈ లెక్క బావనడుగు. ఉండదు. దీనికి ఏడే కావాలి."

"పోనీ యాప్‌నే కొత్తది వేస్తే?"

"కొత్తదానికి నా గొంతు పట్టదు. నేను రికార్డు చేసిచ్చింది పాతదానికి. కొత్తది వేస్తే కంపెనీ గొంతొస్తుంది. దాన్ని లంబకోణం అనమంటే నాలుక మడతపడి చస్తుంది. పిల్లలు పాఠం వింటారా, నవ్వుకుంటారా?"

"నీ గొంతు మాత్రం ఏం తక్కువ తిన్నది? ఏడాదిన్నరగా మా ఆయన నీ గొంతుతో నన్ను ఏమే అని పిలుస్తుంటే ఎలా ఉంటుందో నీకేం తెలుసు. మొన్నామధ్య ఇద్దరం పోట్లాడుకున్నాం. తిట్టేది నేను ఆయన్ని, జవాబు చెప్పేది నువ్వు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, మీ తమ్ముడెప్పుడొచ్చాడండీ అంది."

"నువ్వేమన్నావు?"

"రాత్రి బండికే వచ్చాడన్నాను. ఏం చెప్పను మరి?"

"నేను మాత్రం ఏం చెయ్యనక్కా. బావ గొంతే రికార్డు చేద్దామనుకున్నాం. వారంలో ఆపరేషనన్నారు, అప్పటికే మాట బొంగురుపోయింది. పది వాక్యాలు చదివేసరికి దగ్గు. ఇక నేనే బయటి చప్పుళ్లు పడకుండా బీరువా పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుని..."

"నిన్నేమన్నానురా ఇప్పుడు? నువ్వు చేసింది ఆయన సొంత అన్న కూడా చెయ్యడు. ఊరికే, అలిసిపోయి అంటున్నా."

"ఆస్పత్రిలో ఆ టీచరమ్మ నేర్పింది చేస్తున్నాడా? గాలి మింగి, దాన్ని పైకి తెచ్చి మాటలా వదలడం?"

"ఎప్పుడో మానేశారు. తేన్పులా ఉంటుందని సిగ్గు. పైగా మీట నొక్కితే పలికేది ఇంట్లో ఉండగా గాలెవరు మింగుతారు?"

"ఆయన పక్కనే ఉన్నాడుగా, మెల్లిగా అను."

"విన్నారు. రెండుసార్లు కొట్టారు."

"కాదంటున్నాడా?"

"సిగ్గు కాదంటున్నారు. సిగ్గే. నీ పని నువ్వు చూడు."

"సరే, ముందు ఒక అడ్డదారి తొక్కుదాం. ఎనిమిదికే ఏడని దొంగపేరు పెట్టి యాప్‌ని మోసం చేద్దాం. ఒక లైను పంపిస్తున్నా, అక్షరం పొల్లుపోకుండా కొట్టు."

"కొట్టా. పాస్‌వర్డ్ అడుగుతోంది."

"ఇవ్వు."

"కొడుతున్నా, ఏమీ పడట్లేదు."

"పడుతుంది. కనపడదు."

"చుక్కలన్నా రావట్లేదురా."

"రావు. గుడ్డిగా కొట్టు."

"తప్పంది."

"మళ్లీ కొట్టు."

"మళ్లీ తప్పంది. ఉండు, పెద్దక్షరాల మీట వెలిగుంది... ఆఁ, ఒప్పుకుంది."

"ఇప్పుడు మంచం, ఏ, ఏ, టబ్బు, ఏ."

"వచ్చింది! ఒరేయ్, వచ్చింది! కిటికీ తెరుచుకుంది, టైపు చేసే గడి కూడా..."

"ఏదైనా పలికించు."

"పోయింది."

"ఏది?"

"కిటికీ. అలా వచ్చి మొహం చూపించి పోయింది. నల్లదాంట్లో సెగ్మెంటేషన్ ఏదో అని రాసింది."

"హుఁ. మోసం కనిపెట్టేసింది."

"టైమెంతయిందో చూస్తున్నావా? రెండున్నరకి ఆటో వస్తుంది. ఈయన ఇంకా లుంగీలోనే ఉన్నారు."

"కంగారు పడకు. పాత ముక్కలన్నీ దాచుకునే చోటొకటి ఉంటుంది. ఏడు అక్కడే ఉండాలి. ఎల్, ఎస్, తర్వాత ఇప్పుడు నేను పంపుతున్న పొడుగు పేరు. ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమేంటి?"

"డిస్కు నిండిపోయిందని ఎర్రగా వచ్చింది. శుభ్రం చెయ్యనా అంది. చెయ్యమన్నాను."

"ఎప్పుడు?"

"ఆదివారమే."

"అప్‌డేట్ నొక్కిన రోజే? రెండూ ఒకదాని తర్వాత ఒకటి?"

"ఇల్లు ఊడుస్తూ ఊడుస్తూ అదీ ఊడ్చేశాను."

"భలేదానివే! నీ చేతి దురద తెలిసీ నీకు మౌసు ఇవ్వడం నాది బుద్ధి తక్కువ. ఉండు... వస్తున్నా సార్, అయిదు నిమిషాలు. ఇంటి దగ్గర్నుంచి సార్. అవును సార్, మళ్లీ ఇంటి దగ్గర్నుంచే... చెప్పక్కా."

"మీ మేనేజరా? పోనీ పెట్టేస్తావా?"

"ఏడు లేకుండా పెట్టేసి ఏం మొహం పెట్టుకోను? నా సంచిలో నా పాత లాప్‌టాప్ ఉంది. ఆ యాప్ తయారుచేసింది ఇందులోనే. ఇందులో ఏడు ఉండాలి."

"అప్‌డేట్ చెయ్యలేదా నువ్వు?"

"పని చేస్తున్నదాన్ని ఎవరైనా కదుపుతారా?"

"మంచి పని చేశావు."

"ఇప్పుడు చెప్పు మంచి పనని. ఆఁ, ఉంది! ఏడు ఉంది. పంపిస్తున్నా, దించుకో."

"దిగుతోంది... మెల్లిగా... మీ బావ ఒకసారి కొట్టారు."

"ఏం అవును?"

"ఏమో, నేనేం అడగలేదు. ఊరికే కొట్టారు. దిగింది."

"ముందు ఆ దొంగపేరు తీసేద్దాం. రెండు లైన్లు పంపాను, పై లైను కొట్టు. తీసిందా? ఇప్పుడు కింద లైను. డి, పి, కె, జి..."

"డబ్బా, పిల్లి, కత్తి, గిన్నె."

"అంతే. గీత పెట్టి ఐ. తర్వాత దించుకున్న ఫైలు పేరు. పాస్‌వర్డ్ గుడ్డిగా."

"తెలుసు, ఇప్పుడు గుడ్డిదానికి అలవాటైంది... ఏవేవో లైన్లు పోతున్నాయి... ఆగింది. తిట్టలేదు."

"మంచం, ఏ, ఏ, టబ్బు, ఏ."

"...తెరుచుకుంది."

"ఈసారి అరవలేదేం?"

"ఇందాక అరిచాగా, పోయింది. చూస్తున్నా. ఉంది. ఇంకా ఉంది."

"లాప్‌టాప్ బావకివ్వు. ఏదైనా టైపు చెయ్యమను. ఫోను స్పీకర్ దగ్గర పెట్టు."

"ఏమోయ్ చిన్నా. త్రిభుజంలో మూడు కోణాల మొత్తం రెండు లంబకోణాలు. మీ అక్క చేతికి మౌసిస్తే ఆ మొత్తం కూడా మారిపోతుంది."

"హమ్మయ్య! నా గొంతే. బావా, కమిటీ ముందు ఇలా జోకులేస్తే కుదరదు."

"జోకులు లేకుండా లెక్కలు ఎవడు వింటాడు? నీ గొంతుకి జలుబు చేసినట్టుంది, కాస్త చూసుకో."

"అది స్పీకరు బావా. పాతది."

"అన్నీ పాతవే. సరే, వెళ్లి మీ మేనేజర్‌ని చూసుకో. నేను ప్యాంటు వేసుకుంటాను, లుంగీలో వెళ్తే కమిటీ ఇంకో విషయం మీద కూర్చుంటుంది."

"వెళ్లు బావా. బాగా చెప్పు. అక్కా, ఉన్నావా?"

"ఉన్నా. ఆయన లోపలికెళ్లారు. ఇస్త్రీ చొక్కా వెతుక్కుంటున్నారు, ఎదురుగా తగిలించి పెట్టినా కనపడదు."

"ఇంకొక్క పని, అయిపోతుంది. ఈ ఏడో నంబరుని కదలకుండా మేకు కొట్టేద్దాం. ఆ తర్వాత నువ్వు నొక్కినా, నీ మనవలు నొక్కినా, అది అక్కడే ఉంటుంది. కొట్టు, ఏ, పి, టి..."

"వద్దు."

"ఏం వద్దు?"

"మేకు వద్దు."

"మళ్లీ అప్‌డేట్ రాగానే మళ్లీ పోతుందక్కా."

"పోతే పోనీ."

"పోతే పోనీయా? గంట నుంచి మెట్ల మీద కూర్చుని..."

"మెల్లిగా మాట్లాడరా, తలుపు తీసుంది. నాకొకటి చెప్పు. ఇది స్కూల్లో తెరుచుకోవాలి. ఇంటికొచ్చాక తెరుచుకోకూడదు. అలా చెయ్యడానికి కుదురుతుందా?"

"నీకేమైనా మతి పోయిందా? ఇంట్లో బావ నోరు కట్టేస్తావా?"

"నువ్వు చెయ్యగలవా లేదా?"

"చెయ్యగలను. ఎందుకని అడుగుతున్నా."

"నిన్న గిన్నెలు తోముతున్నా. ఇది పలకట్లేదు, ఆయన రాసి చూపించే పలక ఎక్కడో పెట్టి మర్చిపోయారు, కొట్టడానికి దగ్గర్లో టేబులూ లేదు. వంటింటి గడప దగ్గర నిలబడి నన్ను పిలిచారురా."

"పిలవడమేంటి?"

"పేరు పెట్టి. గాలి మింగి. తేన్పులాగే ఉంది, అది ఆయన పాత గొంతూ కాదు, నీదీ కాదు. సగం పేరే వచ్చింది. అంతలోనే ఊపిరి అయిపోయి, సిగ్గుపడి అవతలికి వెళ్లిపోయారు."

"అక్కా..."

"నాకు మిగతా సగం కావాలి. చెప్పరా, ఏం కొట్టాలి?"