ఎదురు రాశి

ఆ ఉత్తరం నేనూ చదివాను సార్. మళ్ళీ చదివి వినిపించక్కర్లేదు. "అయ్యా, నాది మీనరాశి. ఆరేళ్ళుగా ప్రతి పున్నమికీ నన్ను ఇల్లు కదలొద్దంటున్నారు, చుట్టాల గుమ్మం తొక్కొద్దంటున్నారు, ఉన్నదాంతో సర్దుకోమంటున్నారు. మీనం వాళ్ళకి గృహనిర్బంధం ఇంకెన్నాళ్ళు?" బాగా రాసింది. ఒక్క అక్షరదోషం లేదు. అలాంటి మనిషిని ప్రూఫులకి తీసుకోండి, నాకు కాస్త ఊపిరాడుతుంది.

కూర్చోమంటారా? వద్దులెండి. ఇరవై రెండేళ్ళుగా కూర్చునే పనే చేస్తున్నాను. నిలబడితేనే మాట వస్తుంది.

ఏమిటీ, రాశిఫలాల మీద ఫొటోలో ఉన్న పెద్దాయన్ని పిలిపించి సంజాయిషీ అడుగుతారా? ఎక్కణ్ణుంచి పిలిపిస్తారు సార్? ఆయన పోయి ఆరేళ్ళయింది. మీరు ఎడిటర్‌గా వచ్చి ఏడాదైంది కదా, ఎవరో ఒకరు చెప్పి ఉంటారనుకున్నాను.

అవును, నేనే. "పున్నమి ఫలాలు" పన్నెండు రాశుల గళ్ళూ నేనే నింపుతున్నాను.

ఆయన పోయిన నెలలోనే పున్నమి ముంచుకొచ్చింది. అప్పటి ఎడిటర్ గారు నా బల్ల దగ్గరికొచ్చి, "అమ్మా, ఆయన రాతకి పదేళ్ళకి పైగా ప్రూఫులు దిద్దావు. ఆ పద్ధతి నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. ఈ ఒక్కసారికి కానిచ్చెయ్" అన్నారు. ఆ ఒక్కసారి డెబ్భై పైచిలుకు పున్నములు సాగింది. పేరైనా మార్చమని అడిగాను. ఆడమనిషి పేరు పెడితే జనం నమ్మరన్నారు. చచ్చిపోయిన మగాడి మాట నమ్ముతారట, బతికున్న ఆడదాని మాట నమ్మరట. సరే, పేరు ఆయనది, చాకిరీ నాది. కాపురాలన్నీ ఇలాగే నడుస్తుంటే ఓ కాలమ్ నడవదా?

నవ్వకండి. అందులో ఒక పద్ధతుంది. పున్నమి నాడు సూర్యుడూ చంద్రుడూ సరిగ్గా ఎదురెదురుగా ఉంటారు, పోట్లాటకి దిగిన మొగుడూ పెళ్ళాల్లాగా. ఒకరు నెగ్గితే రెండోవారు తగ్గాల్సిందే అనేవారు పెద్దాయన. అందుకని పన్నెండు రాశుల్నీ ఆరు జతలుగా కట్టేవారు. మేషానికి ఎదురు తుల, వృషభానికి ఎదురు వృశ్చికం, అలాగన్నమాట. ఈ రాశికి మంచి రాస్తే ఆ ఎదురు రాశికి జాగ్రత్తలు రాయాలి. "అందరికీ మంచే రాస్తే ఎవరూ నమ్మరమ్మా, అందరికీ చెడే రాస్తే ఎవరూ కొనరు" అనేవారు. తెలివైన మనిషే.

మీనానికి ఎదురు కన్య. పాత సంచికలన్నీ తెప్పించుకున్నారు కదా, కన్య గడి చూడండి. ఓహో, ఎర్ర పెన్నుతో సున్నాలు కూడా చుట్టారే. అవును, ప్రతి పున్నమికీ అదే. "తోబుట్టువు మీ కోసం ఎదురుచూస్తోంది. మొహమాటం వదిలి బయల్దేరండి. తలుపు తీసే ఉంది." మాటలు అటూ ఇటూ మార్చాను గానీ సంగతి మార్చలేదు. కన్యకి అలా రాశాక మీనానికి ఏం రాయాలి మరి? కదలొద్దు, వెళ్ళొద్దు, సర్దుకోండి. ప్రూఫులు దిద్దేదాన్ని సార్, రూలు తప్పడం నాకు చేతకాదు.

మా అక్కది కన్య.

అదీ సంగతి. జనానికి జాతకాలు చెప్పానా, దానికి ఉత్తరాలు రాశానా అంటే, ఉత్తరాలే రాశాను. మిగతా పదకొండు రాశులూ కవరు లాంటివి. ఎనిమిదేళ్ళుగా మాకు మాటల్లేవు. మా బావ ఫోన్ నంబర్లు మార్చేశాడు. ఉత్తరం రాస్తే ఆయన చేతికే వెళుతుంది. పేపరొక్కటే ఆయన చించకుండా ఇంట్లోకి రానిచ్చేది.

పున్నమి రోజు నేను మధ్యాహ్నం షిఫ్టు అడిగి తీసుకునేది ఎందుకనుకున్నారు? మోకాళ్ళ నొప్పులని మీకు అబద్ధం చెప్పాను. పొద్దున్నే లేచి గది ఊడుస్తాను. గదంటే ఏముంది, ఒక మంచం, ఒక స్టవ్వు, కిటికీలోంచి చూస్తే ఎదురింటి వాళ్ళ నీళ్ళ ట్యాంకు. రెండో దుప్పటి దులిపి మంచం మీద పెడతాను. వాళ్ళూరి బస్సు తొమ్మిదింపావుకొస్తుంది. బస్టాండు నుంచి మా సందుకి ఇరవై నిమిషాల నడక. తొమ్మిదిన్నర నుంచీ మెట్ల మీద చెప్పుల చప్పుడు వింటూ కూర్చుంటాను. మూడో అంతస్తు ముసలాయన కాళ్ళీడుస్తాడు. ట్యూషన్లు చెప్పే అమ్మాయి రెండేసి మెట్లు ఎక్కుతుంది. ఆగి ఆగి, ప్రతి అంతస్తులోనూ ఊపిరి పీల్చుకుంటూ ఎక్కే చప్పుడు కోసం నేను వింటుంటాను. అది రాదు. పదకొండున్నరకి ఇంకో బస్సుంది. దాని టైమూ దాటాక దుప్పటి మళ్ళీ లోపల పెట్టి, తాళం వేసుకుని ఇక్కడికొస్తాను. మెట్లు మెల్లిగా దిగుతాను. దారిలో ఎదురైతే దాటిపోతానేమోనని.

ఆరేళ్ళు ఇదే వరస. ఒంటికాయ శొంఠికొమ్ములా బతికేదానికి అదీ ఓ పనే.

పది రోజుల కిందట ప్రకటనలు తీసుకునే అతను సెలవు పెడితే నన్ను కౌంటర్లో కూర్చోబెట్టారు, గుర్తుందా? ఆరోజు ఒక అమ్మాయి వచ్చింది. మార్కుల జాబితా పోయిందని ప్రకటన వేయించాలట. ఫారం నింపి ఇచ్చింది. తల్లి పేరు దగ్గర మా అక్క పేరు. తలెత్తి చూశాను. నుదురు అచ్చు మా అమ్మదే. పన్నెండేళ్ళప్పుడు చూసిన పిల్ల, ఇరవై ఏళ్ళదై నా ముందు నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. అప్పటికి నా జుట్టు నల్లగా ఉండేది లెండి.

"పెద్ద పేపర్లున్నాయి కదమ్మా, మా దాంట్లో ఎందుకు" అన్నాను.

"మా అమ్మ ఇందులోనే వేయించమంది ఆంటీ. మా పిన్ని ఇక్కడ ప్రూఫులు దిద్దుతుందట. పిన్ని దిద్దిన పేపర్లో అబద్ధం ఉండదంటుంది."

అబద్ధం, సార్. తప్పు అని కూడా అనలేదు.

నేనెవరో చెప్పలేదు. చెబితే ఆ పిల్ల మాట ఆపేస్తుందేమోనని భయం. కదిపితే చాలు, వాగుడుకాయ, అదీ మా అమ్మ పోలికే. "మా అమ్మకి మీ పున్నమి ఫలాలంటే పిచ్చి ఆంటీ. నాన్న ఇంట్లో ఉంటే బాత్రూములోకి తీసుకెళ్ళి చదువుతుంది. పున్నమికి ముందు రోజు సంచి సర్దుకుంటుంది. రెండు చీరలు, మందులు, నా ఫొటో. పొద్దున్నే పేపరు చూసి, ఆ సంచి మళ్ళీ మంచం కిందకి తోసేస్తుంది. ఎక్కడికమ్మా అంటే నీకెందుకే అంటుంది."

"పేపర్లో ఏముంటుందమ్మా మరి?"

"మీనం వాళ్ళకి ఎప్పుడూ వెళ్ళొద్దనే ఉంటుంది కదాంటీ."

మీ అమ్మది కన్య అయ్యుంటుందే అన్నాను. ఆ పిల్ల నావంక వింతగా చూసింది. "లేదాంటీ, చిన్నప్పుడే నేను ఫోన్లో అమ్మ పుట్టిన తేదీ కొట్టి చూశాను. మార్చి పదిహేడు. మీనం."

మీకు అర్థమైందా సార్? మా అమ్మ నోటుబుక్కులో రాసిపెట్టింది, పెద్దది పున్నమి నాడు పుట్టింది, రాశి కన్య అని. ఆ పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది, అక్క చూడనే లేదు. అది చంద్రుణ్ణి బట్టి చూసే లెక్క. పెద్దాయనదీ అదే లెక్క, నాదీ అదే. ఫోన్లో తేదీ కొడితే సూర్యుణ్ణి బట్టి చెబుతుంది. ఇంకో రోజు పుట్టుంటే అటూ ఇటూ ఏదో రాశి వచ్చి ఊరుకునేది. అది పుట్టింది పున్నమి నాడు. సూర్యుడూ చంద్రుడూ ఎదురెదురుగా ఉన్న రోజు. అందుకని దాని అసలు గడికి సరిగ్గా ఎదురుగా ఉన్న గడి వచ్చింది. దాన్ని రమ్మని నేనెంత గట్టిగా రాస్తే, రూలు ప్రకారం దాన్ని వద్దని అంత గట్టిగా రాశానన్నమాట.

ఇంకోటి వినండి. పెద్దాయన ఉన్నప్పుడు గళ్ళ కింద సన్నక్షరాల్లో ఒక వాక్యం ఉండేది. "ఈ ఫలాలు పుట్టిన తేదీని బట్టి కాదు, జన్మనక్షత్రాన్ని బట్టి చూసుకోవాలి." నేను రాయడం మొదలెట్టిన రెండో నెలలో తలనూనె ప్రకటన ఒక అంగుళం పెరిగింది. స్థలం చాల్లేదు. పేజీ మీద వెతికి వెతికి, అక్కర్లేని వాక్యం ఇదేనని కొట్టేశాను. నేనే. ఈ చేత్తోనే.

అక్కకి ఆ మాటలంటే అంత నమ్మకమేమిటని అడుగుతున్నారా? మా అమ్మ నూరిపోసింది. పున్నమి నాడు పుట్టినదానివి, నీ పనులన్నీ పున్నమికే కుదురుతాయే అని. పాపం, పెళ్ళి కూడా పున్నమికే కుదిర్చింది. కుదిరింది చూశాం కదా.

వెళ్ళొద్దంటే మాత్రం ఆరేళ్ళు అలా పడి ఉంటుందా అనుకుంటున్నారు. అది మీ మొహంలో కనిపిస్తోంది. ఉండదు సార్. ఎవరో ఒకరు అంతకుముందే వెనక్కి పంపి ఉండాలి.

నేను పంపాను.

ఎనిమిదేళ్ళ కిందట ఒక సెలవు రోజు పొద్దున, తలుపు కొడితే తీశాను. అక్క. చేతిలో సంచి. కుడి చెంప వాచి, కన్ను సగం మూసుకుపోయింది. ఏమైందని అడగలేదు. అడగాల్సిన పనేముంది, కనిపిస్తూనే ఉంది. నాకు ఆ క్షణంలో ఏం గుర్తొచ్చిందో తెలుసా? ఇంటావిడ. ఒక్క మనిషికే అంటూ గది ఇచ్చింది. ఒంటరి ఆడదానికి ఇల్లు దొరకడానికి నాలుగు నెలలు తిరిగాను. దీన్ని లోపలికి రానిస్తే వెనకాలే బావ వస్తాడు, వీధిలో రభస చేస్తాడు, నా గది పోతుంది. గుమ్మంలోనే నిలబెట్టి, "ఇవాళ్టికి వెళ్ళక్కా, ఇంట్లో పిల్ల ఉంది కదా, కాస్త సర్దుకో" అన్నాను. మంచినీళ్ళు అడిగింది. తాగి, గ్లాసు నా చేతికిచ్చి దిగిపోయింది.

ఆ వారమే మహిళల పేజీలో, దెబ్బలు తిని ఊరుకోవద్దనే వ్యాసానికి నేను ప్రూఫులు దిద్దాను. రెండు అచ్చుతప్పులు పట్టుకున్నాను.

సర్దుకోమని ఆరోజు ఒక్కసారే అన్నాననుకుంటూ వచ్చాను. కాదు. నెలనెలా అచ్చేసి మరీ అన్నాను. డెబ్భై సార్లు అది సంచి సర్దుకుంది. డెబ్భై సార్లూ నేను గుమ్మంలో నిలబడి పొమ్మన్నాను.

రేపు పున్నమి. ఆరింటికి పేజీ వెళ్ళాలి. మీనం గడి రాసేశాను, చూడండి. "ఇవాళే బయల్దేరండి. ఎవరినీ అడగొద్దు. ఒకప్పుడు వెనక్కి పంపిన మనిషి ఇప్పుడు మెట్ల దగ్గర నిలబడి ఉంది." కాలమ్ నాకొద్దు. వచ్చే నెల నుంచి కంప్యూటర్ చేత రాయించుకోండి. ఈ ఒక్క పున్నమికి నన్ను ఉండనివ్వండి. మిగతా మీనం వాళ్ళు కూడా బయల్దేరితే ఏమవుతుందంటారా? ఏమవుతుంది, బస్సులు నిండుతాయి.

ఇంటావిడా? ఈసారి అక్క వచ్చి నాతో ఉంటుందని ఆవిడతో ముందే చెప్పాను. నెల తిరక్కుండా ఖాళీ చెయ్యమంది. చేస్తానన్నాను.

ఆ పిల్ల నింపిన ఫారం మీద ఇంటి ఫోన్ నంబరుంది కదా, ఒక్క ఫోన్ కొడితే పోయేదానికి ఇంత దూరమెందుకూ అంటున్నారు.

కొట్టాను సార్. మొన్న మధ్యాహ్నం, బావ ఇంట్లో ఉండని వేళ చూసి. అక్కే ఎత్తింది. "ఎవరండీ" అంది. గొంతు కాస్త బొంగురుపోయింది, అంతే. నేనేమన్నానో తెలుసా? "పేపరాఫీసు నుంచండీ. మీ అమ్మాయి ప్రకటన వచ్చింది, చూసుకున్నారా" అన్నాను. "చూశామండీ, అన్నీ సరిగ్గా ఉన్నాయి" అంది. అని ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు. అవతల కుళాయి కింద బకెట్టు నిండి పొర్లుతున్న చప్పుడు. దాన్నలా పొర్లనిచ్చింది. చాలాసేపయ్యాక, "ఇంకేమైనా చెప్పాలా అండీ" అంది.

ఏమీ లేదండీ, అన్నాను.

అదండీ నా నోరు. దానికి ఈ ఆఫీసంతా భయపడుతుందట. అక్కా అని రెండక్షరాలు పలకమంటే దానికి చేతకాలేదు.