భూమి చుట్టొచ్చిన బంతి

టీ కొట్టాయన పేరు కోటగోడ. ఆ పేరు ఎవరూ పెట్టలేదు, ఆయనే పెట్టుకున్నాడు. ఒకప్పుడు కార్ఖానా హాకీ జట్టుకి తను గోల్‌కీపర్ కాబట్టి అలాగే పిలవాలని పట్టుబట్టి, పిలవని వాళ్ళకి టీలో చక్కెర తగ్గించేవాడు. ఆ జట్టు ఏటేటా కప్పు ఎత్తుకొచ్చి, ఒక్కసారి ఓడిపోయి, ఆ ఓటమి దగ్గరే ఒకరినొకరు తిట్టుకుని చెల్లాచెదురైంది. ఇన్నేళ్ళకి పాత ఆటగాళ్ళంతా ఆదివారం మళ్ళీ కలిసి ఆడబోతున్నారు. అందరికీ కబురు వెళ్ళింది. కోటగోడకి మాత్రం రాలేదు.

అది ఆయన గుండెల్లో ముల్లులా గుచ్చుతోంది. అడుగుదామంటే నామోషీ. అలాంటిది ఆ సాయంత్రం, కబుర్లు పంపిన కెప్టెనే, స్వయానా అక్క మొగుడే, కొట్టుకొచ్చి చివరి బల్ల మీద కూర్చున్నాడు. ఆ ఓటమి నుంచి బావకీ బావమరిదికీ మాటల్లేవు. కోటగోడ పాలు స్టవ్ మీద పెట్టి, స్టవ్‌కి వీపు తిప్పి, ఎదురుగా ఉన్న టైలర్‌తో మొదలెట్టాడు. చెప్పేది టైలర్‌కి, వినాల్సింది బావ.

"మేం ఆడే రోజుల్లో బంతి నా దాకా వచ్చేదే కాదయ్యా. మా కెప్టెన్ దాన్ని అవతలి సగం దాటనిచ్చేవాడు కాదు. నేను నిలబడ్డ చోట గడ్డి మోకాళ్ళ దాకా పెరిగేది. ఆవులొచ్చి మేసి పోయేవి."

"ఆవులా?" అన్నాడు టైలర్.

"ఒక్కటేలే," అని కాస్త తగ్గాడు కోటగోడ. తగ్గింది ఊపిరి పీల్చుకోడానికే. "అదే మా జట్టు విడిపోకుండా ఉండుంటేనా, ఆ తర్వాత ఏమయ్యేదో తెలుసా? మరుసటేడు మిగతా జట్లు మైదానానికే వచ్చేవి కాదు. ఎలాగూ ఓడేదానికి మోకాళ్ళు చెక్కుకోవడం ఎందుకని, కప్పుని సైకిల్‌కి కట్టుకుని మా కెప్టెన్ ఇంటికే తెచ్చిచ్చేవి. మా అక్క ఒక కప్పులో ఉప్పు పోసుకునేది, ఒక కప్పులో పప్పు పోసుకునేది, అన్నిటికన్నా పెద్దదాంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి తలంటేది!"

"ఆడ్డానికి ఎవరూ రాకపోతే ఇక ఆటేముంది?" అన్నాడు టీ కోసం కూర్చున్న బస్సు డ్రైవర్.

"అక్కడికే వస్తున్నా. సర్కారు దిగొచ్చేది! వీళ్ళ మీద ఆడేవాళ్ళే లేకపోతే ఎలా అని, మాకు ప్రత్యర్థుల్ని తయారుచెయ్యడానికే ప్రత్యేకంగా ఒక బడి పెట్టేది. అందులో సీటు కావాలంటే సిఫార్సు ఉండాలి. మా చేతిలో ఓడిపోయానని సర్టిఫికెట్ చూపిస్తే చాలు, ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చేది."

చివరి బల్ల మీద కెప్టెన్ మీసం కదిలినట్టనిపించింది. నవ్వో చిరాకో తేలలేదు. కోటగోడ గొంతు ఇంకో మెట్టెక్కింది.

"అప్పటికి మా బావ దెబ్బ ఎంత ముదిరేదో తెలుసా? కర్రతో ఒక్కటిచ్చుకుంటే బంతి అవతలి గోల్ చింపుకుని, ఊళ్ళు దాటి, సముద్రాలు దాటి, ఓడల్లో వాళ్ళందరూ తలలు వంచుకుంటే వాళ్ళ మీదుగా భూమంతా చుట్టేసి, మళ్ళీ మన మైదానానికే, నా వెనక వైపు నుంచి వచ్చేది! అప్పుడు కదా గోల్‌కీపర్‌కి పని! అందుకని నేను, ఏ గోల్‌కీపరూ నిలబడనట్టు, ఆటకి వీపు పెట్టి వెనక్కి తిరిగి నిలబడి..."

"ఆ ఒక్కటీ కోత కాదు," అన్నాడు కెప్టెన్.

కొట్టంతా అటు తిరిగింది.

"వెనక్కి తిరిగి నిలబడ్డం వీడు నిజంగానే చేశాడు. ఎలాగూ బంతి రాదన్న ధీమాతో, మేం ఓడిన ఆ ఫైనల్ రోజు గోల్ వెనకున్న జనానికి ఇలాగే కథ చెబుతున్నాడు. మేం గొంతులు పోయేలా అరిచాం. బంతి జోరుగా వచ్చిందా అంటే అదీ లేదు. పిల్లిలా మెల్లగా వచ్చి, వీడి కాళ్ళ పక్కనుంచి లోపలికెళ్ళి ఆగింది. అవతలి జట్టు వాళ్ళు చప్పట్లు కొడితే, తన కథకే అనుకుని వీడు వంగి దణ్ణం పెట్టాడు."

టైలర్ పొట్ట పట్టుకుని బల్ల మీద వాలిపోయాడు.

"ఎండ కళ్ళలో పడింది బావా!" అన్నాడు కోటగోడ. ఇన్నేళ్ళలో బావతో నేరుగా అన్న మొదటి మాట అదే.

"ఎండ నీ వీపు మీద పడిందిరా."

అంతలో వెనక సుయ్‌మంది. పాలు పొంగి, గిన్నె దాటి, స్టవ్‌ని ఆర్పేసి గట్టు మీద కారుతున్నాయి.

"ఇదిగో, ఇంకో గోల్," అన్నాడు కెప్టెన్.

కోటగోడ గుడ్డ తీసుకుని గట్టు తుడుస్తూ, ఎవరికీ వినపడకూడదన్నట్టు, "అందుకేగా నన్ను పిలవలేదు," అన్నాడు.

కెప్టెన్ లేచి దగ్గరికొచ్చాడు. "కబురు పంపితే దానికో కథ కట్టి ఊరంతా చెబుతావని నేనే వచ్చాను. నీ వాగుడు లేక మైదానం బోసిపోయిందిరా. ఆదివారం గోల్‌లో నువ్వే. గోల్ వెనక మాత్రం జనం ఉండరు. మీ అక్క ఒక్కతే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది."

అక్క ముందు కోటగోడ కోత ఒక్కటీ నిలవదు. అయినా మొహం మాత్రం వెలిగిపోతోంది. మళ్ళీ పాలు పోసి, స్టవ్ వెలిగించి, గరిటె పట్టుకున్నాడు. కాసేపు బుద్ధిగా కలిపాడు. ఇక ఉండబట్టలేదు.

"ఆదివారం ఏం జరగబోతోందో తెలుసా?" అన్నాడు, పాల మీంచి చూపు తిప్పకుండా.