ముందు సీటు కింద తడి

ఏంటి తల్లీ, నీళ్ల సీసా పట్టుకుని కారు చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నావు? వేడి చూపించే సూది ఎర్ర గీత దాకా పోయిందా? ఆగాగు, ఆ మూత ముట్టుకోకు! పొగలు కక్కుతున్న రేడియేటర్ మూత తిప్పిన ఘనుణ్ణి నేనే. ఇదిగో ఈ మోచెయ్యి చూడు, ఇన్నేళ్లయినా ఆ తోలు ముడత పోలేదు. చల్లారనీ. ఇలా మెట్టు మీద కూర్చో. అది సరేగానీ, నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చూశావా? కింద చుక్క కూడా లేదూ? నేల పొడిగా ఉండి, డబ్బాలో మాత్రం తగ్గిపోతోందంటే... అమ్మో, నాకు మా మామగారు గుర్తొచ్చారు. అదే, మీ అమ్మమ్మ వాళ్ల నాన్న, నీకు ముత్తాత. నువ్వు పుట్టక ముందే పోయారులే, ఆ పైవాడు ఆయన్ని చల్లగా చూడాలి. కాస్త దగ్గరకి జరుగు, గొంతు తగ్గించి చెప్తాను. లోపల మీ అమ్మమ్మ విందంటే ఈ వయసులో నాకు మళ్లీ అక్షింతలు పడతాయి.

ఆయన అద్దకం మిల్లులో రంగుల మేస్త్రి. నలభై ఏళ్లు రంగు తొట్టెల్లో చేతులు పెట్టిన మనిషి, రిటైరై పదేళ్లయినా గోళ్ల చివర్లు నీలంగానే ఉండేవి. అత్తయ్యగారు పోయాక మా ఇంటికొచ్చారు. మాట తక్కువ. నాకేమో నోరు ఎక్కువ, కాబట్టి బాగానే కుదిరింది. ఆయనకి వారానికి ఒకే ఒక్క షికారు, మందిరానికి వెళ్లడం. అక్కడ ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకునేవారు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషికి ఆ గొంతేమిటమ్మా! నేను కళ్లు మూసుకుని వినేవాణ్ణి. దేవుడంటే నాకు భయం కొంచెం తక్కువగానీ, ఆయన పాడుతుంటే మాత్రం దేవుడు తలుపు దగ్గరే నిలబడి వింటున్నట్టుండేది. తీసుకెళ్లేది నేనే, నా కారులో, ముందు సీట్లో కూర్చోబెట్టి. దారి పొడుగునా ఆ రోజు పాట కూనిరాగం తీస్తూ వచ్చేవారు.

ఇక నా కారు. ముగ్గురి చేతులు మారి నా దగ్గరికొచ్చిన ముసలి బండి. దాన్ని మెకానిక్‌కి చూపించడమంటే నాకు నామోషీ. బానెట్ ఎత్తానంటే వీధిలో నలుగురు చేరాలి, నేను స్పానర్ తిప్పుతూ ఉపన్యాసం ఇవ్వాలి, ఎదురింటి టైలరు "అబ్బో, మీకు తెలియని పని లేదండీ" అనాలి. అదీ నా కక్కుర్తి. ఆ శీతాకాలం కూలెంట్, అదే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు, తగ్గడం మొదలైంది. పొద్దున డబ్బా నింపితే మూడో రోజుకి సగం. కారు కింద అట్ట పరిచి రాత్రంతా ఉంచాను, తెల్లారి చూస్తే ఎముకలా పొడిగా ఉంది. "పైపు క్లిప్పులు వదులైనట్టున్నాయి" అని సభలో ప్రకటించి అన్నీ బిగించాను. అయినా కూలెంట్ తగ్గింది. "మూత పోయింది" అని మూత మార్చాను. మళ్లీ తగ్గింది. పై పైపు మార్చాను, కింది పైపు మార్చాను. చివరికి "వాటర్ పంపేనండీ, నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా" అని రెండు రోజులు కష్టపడి కొత్త పంపు బిగించాను. మూడు బోల్టులు మిగిలాయి. టైలరు వాటిని అరచేతిలో పెట్టుకుని, "ఇవి ఎక్కువిచ్చాడా అండీ కంపెనీవాడు?" అన్నాడు. "స్పేరు" అన్నాను. నవ్వకు, నిజంగానే అలా అన్నాను.

సరే, అసలు సంగతికొస్తాను. ఆ రోజుల్లోనే ఒక వారం మందిరం నుంచి వచ్చాక కారు తుడుస్తుంటే, మామయ్యగారు కూర్చున్న చోట కాళ్ల కింద మ్యాట్ తడిగా ఉంది. వాన లేదు, ఆయన చేతిలో నీళ్ల సీసా లేదు. పెద్దాయన, ఆ వయసు... నీకు అర్థమైందిగా. నాకూ అలాగే అర్థమైంది. ముక్కు మూసుకుని, మొహం పక్కకి తిప్పుకుని తుడిచేశాను. మర్యాద అనుకున్నాను దాన్ని! వాసన చూసి ఉంటే ఆ క్షణమే తేలిపోయేది, అది తియ్యగా, మాడిన చక్కెరలా ఉంటుంది. కారులో ఆ తియ్యటి వాసన రోజూ నాకు తగులుతూనే ఉండేది, అదేమో మామయ్యగారి తలనూనె అనుకున్నాను. ముందు అద్దం లోపలివైపు జిడ్డుగా ఆవిరి పట్టేది. ఆయన కూనిరాగం వల్ల పడుతోందని తేల్చాను. బుర్రకి తాళం పడితే ఇలాగే ఉంటుంది. కళ్ల ముందు అన్నీ పెట్టుకుని, బానెట్ కింద మాత్రం టార్చి వేసి వెతికాను.

మీ అమ్మమ్మకి చెప్పాను. పాపం తను పొయ్యి ముందు నిలబడే కళ్లు తుడుచుకుంది. "నాన్నకి తెలియనివ్వకండి, సిగ్గుతో చచ్చిపోతారు" అంది. ఆ రోజు ఆయన ప్యాంటు అంచులు, మేజోళ్లు తడిసి ఉన్నాయట, మాట్లాడకుండా ఉతికేసింది. నల్ల మేజోళ్లమ్మా, వాటి మీద ఏ రంగు కనిపిస్తుంది? తర్వాత వారం నేను చేసిన ఘనకార్యం విను. ఆయన ఎక్కే ముందే సీటు మీద ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద తువ్వాలు కప్పాను. ఏమీ ఎరగనట్టు "కొత్త కవరు మామయ్యగారూ" అన్నాను. ఆయన కూర్చున్నారు, షీటు చిటపటమంది. ఆయన నా వైపు చూడలేదు, నేను ఆయన వైపు చూడలేదు. ఆ రోజు దారిలో రాగం లేదు.

ఆ పైవారం "మోకాలు పట్టేసింది బాబూ, నువ్వెళ్లిరా" అన్నారు. ఇంకో వారం జలుబన్నారు. మూడో వారం కారణం కూడా చెప్పలేదు, తయారై గుమ్మం దాకా వచ్చి, బూట్లు విప్పేసి లోపలికెళ్లిపోయారు. మందిరంలో ఇంకెవరో పాట ఎత్తుకున్నారు, అది పాటలా లేదు, హాజరు పట్టీ చదివినట్టుంది. ఒక రోజు మీ అమ్మమ్మ నన్ను పక్కకి లాగి, "ఏమండీ, నాన్న మూడు రోజులుగా నీళ్లు తాగట్లేదు. గ్లాసు ఇస్తే పెదవి తడిపి కింద పెట్టేస్తున్నారు" అంది. డాక్టరు వచ్చి చూసి, "ఒళ్లు ఎండిపోతోంది పెద్దాయనకి, ఇలాగైతే ఆసుపత్రిలో పడెయ్యాలి" అని కసిరాడు. మనిషి కళ్ల ముందే చిక్కిపోతున్నాడు తల్లీ. మేం ఏం చేశాం? గుసగుసలాడుకున్నాం. పక్క గదిలో పెద్దల మాట వినపడకుండా పిల్లలు గుసగుసలాడినట్టు, మేమిద్దరం.

ఇలా ఉండగా ఒక పొద్దున ఒక్కణ్ణే బజారుకెళ్లాను. కాగితపు పిండి సంచి పక్క సీటు కింద మ్యాట్ మీద పెట్టి తెచ్చాను. ఇంటి ముందు ఆపి ఎత్తానా, అడుగు తడిసి చిరిగి పిండంతా కారులో ఒలికిపోయింది. "ఛ, ఈ మామయ్యగారు..." అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఏ మామయ్యగారు? నెల రోజులుగా ఆ సీట్లో మనిషి లేడు! పిండి మ్యాట్ మీద ముద్దయ్యింది, ఆ ముద్ద ఎలా ఉందనుకున్నావు? ఆకుపచ్చగా, అచ్చం నేను డబ్బాలో పోసే కూలెంట్ రంగు! వేలు పెట్టి వాసన చూశాను. మాడిన చక్కెర. అక్కడే నడి వీధిలో, చేతినిండా ఆకుపచ్చ పిండితో కూలబడి, "దేవుడా, నన్నెందుకు పుట్టించావయ్యా" అన్నాను. టైలరు పరుగెత్తుకొచ్చి "గుండె నొప్పా అండీ?" అన్నాడు. ఆ రోజు మాత్రం ఉపన్యాసం ఇవ్వలేదు.

నువ్వూ తెలుసుకో. ఇంజన్‌లోంచి వేడి నీళ్లు రెండు సన్నటి పైపుల్లో డ్యాష్‌బోర్డు వెనక్కి వెళ్తాయి, అక్కడ బుల్లి రేడియేటర్ ఒకటుంటుంది, హీటర్ కోసం. చిల్లు దానికి. నీళ్లు బయటికి కాదు, లోపలికి కారుతున్నాయి, సరిగ్గా పక్క సీటువాళ్ల పాదాల మీదికి. అది మార్చాలంటే డ్యాష్‌బోర్డంతా ఊడదీయాలి. నా మూడు బోల్టుల చరిత్ర గుర్తొచ్చి ఆ సాహసం చెయ్యలేదు. చల్లారాక ఆ రెండు పైపులూ ఇంజన్ వైపు ఊడదీసి, ఒకదాన్ని ఇంకోదానికి వంపు గొట్టంతో కలిపి క్లిప్పులు బిగించేశాను. నీళ్లు ఇక లోపలికి పోవు, హీటరూ ఉండదు. పది నిమిషాల పని. రెండు నెలలు, ఒక పంపు, రెండు పైపులు, ఒక మోచెయ్యి తర్వాత, పది నిమిషాలు.

మ్యాట్ తుడిచిన తెల్లగుడ్డ పట్టుకుని లోపలికి పరుగెత్తాను. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. "మామయ్యగారూ, ఇది చూడండి, మన కారు హీటర్ కారుతోందండీ, మీ కాళ్ల కింద తడి అదేనండీ!" అని గుడ్డ చేతిలో పెట్టాను. రంగుల మేస్త్రి కదా, వెలుగులో పట్టుకుని, బొటనవేలితో నలిపి, ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నాకు రెండు నెలలు పట్టింది, ఆయనకి రెండు క్షణాలు. "ఆకుపచ్చ" అన్నారు. అని నవ్వారమ్మా! కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వారు. మీ అమ్మమ్మ గ్లాసు తెస్తే గటగటా తాగేసి ఇంకో గ్లాసు అడిగారు. మేమూ నవ్వాం, అందరం నవ్వాం. నవ్వు ఆగాక గుడ్డ మడత పెడుతూ, మెల్లగా, "అంటే బాబూ, ఇన్నాళ్లూ మీరిద్దరూ కూడా అదే అనుకున్నారన్నమాట" అన్నారు.

వాగుడుకాయనే కదా నేను. ఖాళీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

మళ్లీ వచ్చేవారులే, వారం వారం. హీటర్ లేని కారులో దుప్పటి కప్పుకుని. పాట కూడా ఎత్తుకున్నారు, పోయేదాకా, ఆరేళ్లు. గొంతు అలాగే ఉంది. కానీ దిగేటప్పుడు మాత్రం, ఒక కాలు బయట పెట్టాక, ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి సీటు మీద అరచెయ్యి ఆనించి చూసుకునేవారు. ప్రతిసారీ. ఆరేళ్లు. నేను తాళాల గుత్తిలో ఏదో వెతుకుతున్నట్టు...

ఊఁ.

ఎండ మొహానికి కొడుతోంది, ఇటు జరుగు తల్లీ. ఇంతకీ నీ ఉద్యోగం సంగతి ఏమయింది, జవాబు వచ్చిందా?