డానియేలు వెతికిన మాట

ఏందే స్రవ్యా, మిర్చిబజ్జీ గూడ ఆసమేనా? పొద్దున చెప్పులు గూడ ఆసమే అన్నవ్. నవ్వకు. తిను గని, గా ఇంగ్లీషు మాట వింటే నాకు కూసోబుద్ధి కాదు. తాత అటిటు తిరుక్కుంటనే చెప్తడు, విను. డానియేలని మా సర్కారు కార్ఖానల ఫిట్టరు. పురానాపూల్ దగ్గర ఉంటుండె. ఇద్దరం ఒక్క సైకిల్ మీదనే పోదుము, ఆయననే తొక్కేటోడు. సైకిల్ సంగతి ఇడిసిపెట్టు. ఒకనాడు బాయిలర్ కాడ పైపు పగిలింది. అంతా ఆవిరే, మనిషికి మనిషి కనవడతలేడు. డానియేలు లోపల చిక్కిండు. అందరం బయటికి ఉరికినం, నేను గూడ ఉరికిన, అబద్ధమెందుకు. మా మేనేజర్, బడాసాబ్ అంటుంటిమి, తడిపిన గోనెసంచి కప్పుకొని లోపలికి వోయిండు. డానియేలును భుజం మీద ఏసుకొని తెచ్చిండు. సాబ్ చేతులు రెండూ బొబ్బలెక్కినయ్.

రెండేండ్లకు సాబ్‌కు ఢిల్లీ బదిలీ అయింది. వీడ్కోలు మీటింగుల ఇంగ్లీషుల మాట్లాడుతనన్నడు డానియేలు. ఉర్దూల చెప్పరాదా భాయ్ అని నేనంటే, "రోజు స్పానర్లు, బోల్టులు అడిగే మాటలల్ల గది చెప్తే ఎట్ల? గా దినం సాబ్‌ను చూస్తే దండం పెట్టబుద్ధయింది, భయం గూడ అయింది. రెండూ ఉండే మాట కావాలె" అన్నడు. చర్చిల పాత డిక్షనరీ తెచ్చి వారం రోజులు చదివిండు. రెండు మాటలు దొరికినయ్. ఆసమ్, ఆఫుల్. పాత పుస్తకం గదా, రెంటికీ భయం, భక్తి కలిసిన ఒక్కటే అర్థం రాసి ఉన్నది. "ఆనందరావు భాయ్, నువ్వు మెట్రిక్ చదివినవ్, ఏది చెప్పమంటవ్?" అన్నడు. గప్పటికే జనం నోట్ల ఆఫుల్ అంటే చండాలమని, గది నాకు ఎరికే. ఆఫులే చెప్పు, చిన్నది, నోరు తిరుగుతది అన్న. ఎందుకన్ననా? ఫోర్‌మన్ కుర్చీ ఒక్కటే ఖాళీ ఉండె. వరుసల ఆయన ముందు, ఎనుక నేను.

చెప్పిండు. చేతులు కట్టుకొని, "సర్, యూ ఆర్ యాన్ ఆఫుల్ మ్యాన్" అన్నడు. ఆఫీసోళ్ళు పడీపడీ నవ్విన్రు. సాబ్ మొఖం నల్లగయింది. డానియేలుకు సమజైతలేదు, అందరి మొఖాలు చూస్తుండు. తెల్లారి నించి మూడు దినాలు గేటు కాడ నిలవడ్డడు, డిక్షనరీ చంకల పెట్టుకొని. కారు ఆగలేదు. పోయే ముందు సాబ్ సంతకం పెట్టిన ఫోర్‌మన్ కాయితంల నా పేరున్నది.

గా సాయంత్రమే కలాకంద్ పట్టుకొని ఇంటికొచ్చిండు డానియేలు. మీ నాయినమ్మ చేతికిచ్చి, "నీకే వచ్చింది, మంచిగయింది భాయ్. కుర్చీ ఫికర్ లేదు నాకు. పానం కాపాడినోన్ని తిట్టినట్టు అయిపాయె, గదొక్కటి మనసుల నించి పోతలేదు" అన్నడు. నన్ను ఒక్క మాట అడగలే. నేనే చెప్పాలె గద, సాబ్‌కు ఒక ఉత్తరం రాసినా అయిపోతుండె. చెప్పలే. నోట్ల కలాకంద్ పెట్టుకున్న. డానియేలు పోయి ఇరవై రెండేండ్లాయె...

ఆఁ? ఏం లేదు. గా ఫాను జర తగ్గియ్యి బిడ్డా, కండ్లల్ల గాలి కొడుతుంది.