సత్యలక్ష్మి చిరునామా

మేజిస్ట్రేటు గారి ఎదుట, ది. 21-11-2025, ఉదయం 11.10 గంటలకు

నా పేరు కె. మనోజ్ఞ. వయసు ఇరవై తొమ్మిది. కృష్ణానగర్‌లో అద్దెకు ఉంటున్నాను. జూబ్లీహిల్స్‌లో ఒక పబ్లిక్ రిలేషన్స్ సంస్థలో ఉద్యోగం. లాయర్లు, ఆడిటర్లు, ఆర్కిటెక్టుల సంస్థల గురించి పత్రికల్లో, టీవీల్లో మంచిగా వచ్చేలా చూడటం మా పని.

బంజారాహిల్స్‌లోని ఒక లాయర్ల సంస్థ మా క్లయింటు. వాళ్ల పేరు విడిగా రాసి ఇచ్చాను. మూడు నెలలైనా ఒక్క టీవీలోనూ తమ పేరు రాలేదని వాళ్లు మా మేనేజరు వరప్రసాద్ గారిని నిలదీశారు. ఆయన నన్ను నిలదీశారు. వాళ్లు గెలిచిన ఒక కుటుంబ కేసును కథనంగా రాయమన్నారు.

ఆ కేసు సత్యలక్ష్మిది. ఆమె సినిమా డాన్సర్లకు బట్టలు కుడుతుంది. భర్త రవిచంద్ర కొట్టి చంపబోతే కూతురిని తీసుకుని పారిపోయి వచ్చింది. అతను ఆమె దగ్గరికి రాకూడదని కోర్టు ఉత్తర్వు తెప్పించింది ఆ లాయర్లే. ఈ నెల 12న రహమత్ నగర్‌లో ఆమె పనిచేసే దుకాణానికి వెళ్లాను. మాట్లాడినంతసేపూ ఆమె జాకెట్టుకు అద్దాలు కుడుతూనే ఉంది.

"పేరు రాయకండి మేడమ్. పాప సంగతి అసలు రాయకండి. మేం ఎక్కడున్నామో మావాళ్లలో మా అక్కకి తప్ప ఎవరికీ తెలీదు" అంది.

మాటిచ్చాను. పేరు రాయలేదు. ఊరు రాయలేదు. పాప ఉందని కూడా రాయలేదు. లాయర్ల పేరు మాత్రం రాశాను. రవిచంద్రకు వచ్చిన కోర్టు నోటీసు మీద కూడా అదే పేరు ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

18వ తేదీ మంగళవారం కథనం పత్రికలో వచ్చింది. లాయర్ల వెబ్‌సైటులోనూ పెట్టాం. అక్కడ కింద, మీడియావారు సంప్రదించడానికి నా ఫోన్ నంబరు ఉంది.

ఆ రోజు 11.42కు ఫోన్ వచ్చింది. టీవీ రిపోర్టరునని, పేరు భాస్కర్ అని చెప్పాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "ముఖం చూపించబోమండీ. మిషను మీద చేతులు మాత్రమే తీస్తాం. లాయరు గారితో కూడా రెండు మాటలు మాట్లాడిస్తాం" అన్నాడు. ఎక్కడికి రావాలని అడిగాడు. చెప్పాను. రహమత్ నగర్, నీళ్ల ట్యాంకు దాటాక రెండో సందు, భిక్షం గారి కుట్టు దుకాణం, మేడ మీద. మెట్లు పక్కనుంచి ఉంటాయని కూడా చెప్పాను. మెట్ల సంగతి అతను అడగలేదు.

పెట్టేసే ముందు, "పాప ఇంకా నిద్రలో ఉలిక్కిపడుతోందాండీ?" అన్నాడు. తెలీదండీ అన్నాను.

12.03కు, టీవీ దొరికిందని వరప్రసాద్ గారికి మెయిల్ రాస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది. పాప ఉందని నేను ఎక్కడా రాయలేదు.

సత్యలక్ష్మికి ఫోన్ చేశాను. నాలుగుసార్లు చేశాను. ఎత్తలేదు. వరప్రసాద్ గారి గదిలోకి పరుగెత్తి, పోలీసులకు చెబుతానన్నాను. "ఆగమ్మా. ముందు క్లయింట్‌తో మాట్లాడనీ. పోలీసులంటే రేపు పేపర్లో మనమే ఉంటాం" అన్నారు. లాయరు గారు మీటింగ్‌లో ఉన్నారు. ఆగాను. ఫోన్ నా చేతిలోనే ఉంది. అయినా ఆగాను. 12.14కు ఇక ఆయన మాట వినకుండా 100కు చేశాను.

ఆటోలో బయల్దేరాను. యూసఫ్‌గూడలో ట్రాఫిక్ ఆగిపోతే దిగి పరుగెత్తాను. నేను చేరేసరికి 12.40. పోలీసులు 12.24కే వచ్చి రవిచంద్రను పట్టుకున్నారు. సత్యలక్ష్మిని ఆసుపత్రికి తీసుకెళ్లారు. దుకాణం యజమాని భిక్షం గారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. చేతులకు రక్తం.

"పన్నెండుంబావుకు వచ్చిండమ్మా. టీవీ నుంచి వచ్చిన అన్నడు. నేనే పైకి పొమ్మన్న. కత్తెరతోని పొడిచిండు. నేను ఉరికి పట్టుకునేసరికే గట్లయింది" అని ఏడ్చారు.

పోలీసులు పది నిమిషాల్లో వచ్చారు. నేను 12.03కే చేసి ఉంటే 12.13కు వచ్చేవారు. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా అంతే వస్తోంది.

ఆమెకు మూడు పోట్లు. కుడిచెయ్యి పనిచేస్తుందో లేదో డాక్టర్లు చెప్పలేదు. 19న ఉదయం ఆసుపత్రికి వెళ్లాను. "ఆయనకి ఎలా తెలిసింది మేడమ్?" అని అడిగింది. "ఎలాగో బయటపడిందట" అన్నాను. అలా అనమని వరప్రసాద్ గారు చెప్పారు. కానీ అన్నది నేను.

"అయితే మా అక్కే చెప్పుంటుంది. మావాళ్లలో ఇంకెవరికీ తెలీదుగా" అంది. అక్క లీలాకుమారి గారు పక్కనే పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పాప తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు. సత్యలక్ష్మి నమ్మలేదు. "నా ఎదుటికి రాకు" అంది. ఆవిడ పాపను మంచం మీద దించి వెళ్లిపోయారు. నేను అక్కడే ఉన్నాను. 

పాపకు ఏడేళ్లు. రెండు రోజులుగా భిక్షం గారి ఇంట్లో ఉంది. అన్నం ముట్టడం లేదు.

ఈ ఉదయం తొమ్మిదింటికి వెళ్లి సత్యలక్ష్మికి నిజం చెప్పాను. నన్ను తిట్టలేదు. కళ్లు మూసుకుని, "అక్కకి కలపండి" అంది. కలిపాను. ఎత్తలేదు. ఈ కోర్టుకు వచ్చేలోపు ఇరవై రెండుసార్లు చేశాను. ఎత్తలేదు. ఆవిడ తన ఊరు పెద్దాపురం ఇంకా చేరలేదని వాళ్ల ఇంట్లోవాళ్లు అంటున్నారు.

ఇదంతా నేను చేసినది, చూసినది. ఎవరూ నాతో చెప్పించలేదు. చదివి వినిపించారు, సరిగానే ఉంది. లోపలికి వచ్చేటప్పుడు ఫోన్ ఆపి బయట ఇమ్మంటే ఇచ్చాను. సంతకం పెట్టగానే దాన్ని ఇప్పించమని వేడుకుంటున్నాను. ఆవిడ తిరిగి చేసి ఉండవచ్చు.

(సం.) కె. మనోజ్ఞ