మోగని సైరన్ కింద సంతకం నాది

ఫాదర్ గారికి, మేయరమ్మకు, ఇంజనీరు గారి ఫౌండేషన్ పెద్దలకు, లినావ్ నుంచి పడవెక్కి వచ్చి వెనక బల్లల మీద కూర్చున్న నా వాళ్లకు నమస్కారం.

ఇంజనీరు క్రిసాంటో కబాకాంగ్ గారు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. జపమాల ప్రార్థనలు ముగిశాయి. ఈ బాస్కెట్‌బాల్ కోర్టు ఇంతగా నిండటం పోటీల రోజున కూడా నేను చూడలేదు. వస్తూ పూలచక్రాల మీది రిబ్బన్లన్నీ చదివాను. ‘మహాదాత’ అని ఒకటి. ‘పేదల ఇంజనీరు’ అని ఇంకొకటి. ‘మా తీరానికి కావలి’ అని మూడోది. ఆ మూడోది చదివాక కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇంతవరకు ఏడుగురు మాట్లాడారు. ఏడుగురూ ఆయన మంచితనమే చెప్పారు. ఎనిమిదోదాన్ని నేను. పేరు హెర్మినియా దోసేనా. ఆయన దగ్గర ముప్పై మూడేళ్లు పనిచేశాను. అయ్యా, నేను ఆయన్ని పొగడటానికి రాలేదు. లేచి వెళ్లాలనుకునేవాళ్లు ఇప్పుడే వెళ్లండి. బయట కాఫీ ఉంది, ఆకుల్లో చుట్టిన సుమాన్ మిఠాయి ఉంది. కూర్చునేవాళ్లు మాత్రం చివరిదాకా వినండి.

ఆయన తెలివిని కాదనను. కాదంటే నా నాలుక పడిపోతుంది. నలభై ఒక్కేళ్ల కిందట మనీలాలో విదేశీ కంపెనీ ఉద్యోగం వదిలేసి, ఈ బొరోంగాన్‌లో వాళ్ల పిన్ని నూడుల్స్ కొట్టు వెనక రేకుల షెడ్డులో దుకాణం పెట్టారు. నాకు అప్పుడు పదిహేడేళ్లు, చదువు ఆగిపోయింది. సోల్డరింగ్ ఐరన్ నా చేతికిచ్చి, ‘చెయ్యి వణికితే వణకనీ హెర్మీ, కళ్లు మాత్రం వణకకూడదు’ అన్నారు. చెడిపోయిన రేడియోను చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఏ భాగం పోయిందో చెప్పేవారు. చేపల పడవల కోసం చిన్న వైర్‌లెస్ చేశారు. ఆ పెట్టె మన దీవులన్నీ తిరిగింది. అప్పట్లో మేమందరం ఆయన్ని ‘మానో’ అనేవాళ్లం, సొంత అన్నని పిలిచినట్టు. ఎప్పుడు ‘సార్’ అయ్యారో నాకు గుర్తు లేదు.

కానీ ఒకటి గుర్తుంది. ఒక ఏడాది చర్చి పండగలో మైకు మూగబోయింది. ఊరేగింపు ఆగిపోయింది. మా తురిబియో, మెకానిక్కు, ఎండలో గంటసేపు స్తంభం మీద వేలాడి, కాలిన వైరు పట్టుకుని బాగుచేశాడు. అప్పటి ఫాదర్ వేదికెక్కి, ‘మన ఇంజనీరు క్రిసాంటోకు చప్పట్లు’ అన్నారు. సార్ లేచారు. నవ్వారు. చెయ్యి ఊపారు. తురిబియో ఇంకా స్తంభం మీదే ఉన్నాడు. వాడు కిందికి దిగి, ‘పోనీలే హెర్మీ, మానోకి చప్పట్లంటే ఆకలి’ అన్నాడు. మేం నవ్వుకున్నాం. అంత చిన్నదానికి ఎవరు కోపం తెచ్చుకుంటారు? అలా నవ్వి ఊరుకున్నందుకు నేను ఎన్నిసార్లు నన్ను తిట్టుకున్నానో మీకు చెప్పలేను.

ఇక సైరన్ల సంగతి. ఈ తీరంలో నలభై ఊళ్లకు ఆయన ఉచితంగా ఇచ్చిన సైరన్లు. సముద్రంలో పాతిన కొయ్యకు ఒక పెట్టె. నీరు పొంగితే ఆ పెట్టె ఊళ్లోని సైరన్‌కు కబురు పంపుతుంది. అది మోగగానే జనం కొండెక్కాలి. గొప్ప ఆలోచన. ఇప్పటికీ గొప్ప ఆలోచనే అంటాను.

పరీక్షల విభాగం నాది. పది పెట్టెలు తీసుకుని ఉప్పునీళ్ల డ్రమ్ములో ముంచాను. రెండు వారాలు తిరగకముందే నాలుగు చచ్చాయి. మూత కింద రబ్బరు వాషరు ఉప్పుకు గట్టిపడి చీలుతోంది. కాగితం రాసుకుని ఆయన గదికి వెళ్లాను. వాషరు మార్చడానికి మూడు నెలలు చాలన్నాను. పంపిణీకి అప్పటికే గవర్నరు గారి తేదీ ఖాయమైంది, బ్యానర్లు అచ్చయ్యాయి. ఆయన నా కాగితం చదివారు. చదవలేదని ఎవరూ అనుకోకండి, రెండుసార్లు చదివారు. చదివి, ‘హెర్మీ, సముద్రం నీ డ్రమ్ము కాదు. సంతకం పెట్టు. నువ్వు పెట్టకపోతే పెట్టేవాళ్లు బయట కూర్చున్నారు’ అన్నారు.

పెట్టాను.

విన్నారా? లినావ్ వాళ్లారా, మీకు కూడా ఇది కొత్తే కదా? పెట్టాను. నలభై పెట్టెలూ పనిచేస్తాయని రాసిన కాగితం మీద ఉన్నది నా సంతకం. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆయనకన్నా నాకు ఎక్కువ తెలుసా అని కూడా అనుకున్నాను. రెండూ నిజమే.

మరుసటి సంవత్సరం నవంబరులో తుఫాను వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలకు లినావ్‌లో ఉన్న నా చెల్లెలు ఫెలిసితాస్‌కు ఫోన్ చేశాను. ‘కొండెక్కవే, తొందరగా ఎక్కు’ అన్నాను. అది నవ్వింది. ‘సైరన్ మోగలేదుగా అక్కా! నువ్వు చేసిందేగా అది! మోగితే పోతాంలే, పందిని లోపల కట్టి వస్తా’ అంది. మోగదే, అది మోగకపోవచ్చే అని అరిచాను. అప్పటికే లైను తెగిపోయింది.

ఉప్పెన వచ్చింది. సైరన్ మోగలేదు. పద్నాలుగు మంది పోయారు. నా చెల్లెలు, దాని భర్త, పక్కింటి ముసలి దొమింగ, పడవలు చేసే గిల్బెర్తో వాళ్ల ఇంట్లో నలుగురు. మిగతావాళ్ల పేర్లు ఈ వెనక బల్లలకు తెలుసు. ముందు బల్లల్లో ఎవరికైనా ఒక్క పేరు తెలుసా? చెప్పండి. నేను ఆగుతాను.

తెలియదు.

మా అమ్మ తరంలో సైరన్ లేదు. పీతలు ఒడ్డెక్కితే, సముద్రం రంగు మారితే, పడమటి గాలి ఉన్నట్టుండి ఆగితే, పిల్లల్ని చంకనెత్తుకుని పరిగెత్తేవాళ్లు. మేం జనం చేత చూడటం మాన్పించాం. వినడం నేర్పాం. వినమని చెప్పి, వినిపించకుండా చేశాం. అది తుఫాను చేసిన పని కాదు.

వారం తిరగకుండా సార్ లినావ్ వచ్చారు. బియ్యం బస్తాలు, రేకులు, కెమెరాలు తెచ్చారు. కొత్త బడి కట్టిస్తానన్నారు, కట్టించారు కూడా. ఆ బడిలో పిల్లలు చదువుతున్నారు, దాన్ని నేను కాదనను. పత్రికలవాళ్లు సైరన్ గురించి అడిగితే ఆయన తల వంచి, ‘ప్రకృతి ముందు మనిషెంత?’ అన్నారు. ఎంత అందమైన మాట! ఆ మాటకు ఆయనకు అవార్డు కూడా వచ్చింది.

నేను ఆయన గదిలోకి వెళ్లి, నిజం చెప్పండి మానో, మిగతా ఊళ్లలో పెట్టెలైనా పీకించండి అన్నాను. ఆయన గొంతు పెంచలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, ‘సంతకం నీదేగా, హెర్మీ’ అన్నారు. అంతే. ఆ రోజే మానేశాను. మానేసి ఊరుకున్నాను. ఏడేళ్లు ఊరుకున్నాను. ఆయన్ని అనే ప్రతి మాటలో సగం నాకు తగలాలి, తగలనివ్వండి.

మొన్న ఏప్రిల్‌లో కబురు పంపారు. వెళ్లాను. పక్కలో సగమైపోయారు. నన్ను చూసి, ‘నీ డ్రమ్మే నిజం చెప్పింది’ అన్నారు. ఏడేళ్లుగా ఆ మాట కోసం కాచుకున్నదాన్ని, విన్నాక ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మాట నాకెందుకు, లినావ్ వెళ్లి చెప్పండి, నడవలేకపోతే నేనే మోస్తానన్నాను. తల అడ్డంగా ఊపారు. ‘నేను పోయాక నువ్వు చెప్పు’ అన్నారు.

చూశారా, అయ్యా? చప్పట్లు ఆయన తీసుకున్నారు. నిజం చెప్పే పని మాత్రం నాకు వదిలేశారు. దీన్ని పశ్చాత్తాపం అనేవాళ్లు ఉంటారు. నేను పిరికితనం అంటాను. అంత తెలివిగల మనిషి, సముద్రానికే యంత్రం పెట్టిన మనిషి, పద్నాలుగు గుమ్మాల ముందు నిలబడటానికి భయపడ్డాడు.

ఆయన కూతురు పురిసిమా ఇక్కడే ఉంది. ఈ సభలో మాట్లాడమని నన్ను పిలిచింది తనే. నిన్న మధ్యాహ్నం వాళ్ల ఇంటికి వెళ్లి ఇదంతా ముందే చెప్పాను, రావద్దంటే రానన్నాను. ఆ పిల్ల చివరిదాకా వింది. తర్వాత ఒక్కటే అడిగింది, ‘ఆంటీ, ఆ పెట్టెలు ఇంకా ఎన్ని ఊళ్లలో ఉన్నాయి?’ అని.

ముప్పై తొమ్మిది ఊళ్లలో, తల్లీ. ముప్పై తొమ్మిది ఊళ్లు ఇవాళ్టికీ అది మోగుతుందని కాచుకుని ఉన్నాయి. వానాకాలం ఇంకో నెలలో.

పురిసిమా ఇవాళ పొద్దున ఫౌండేషన్ కాగితం మీద సంతకం చేసింది. చౌరస్తాలో పెట్టాలనుకున్న ఆయన విగ్రహం ఆగిపోయింది. ఎల్లుండి నుంచి పాత పెట్టెలు ఊడదీస్తారు. కొత్తవి ఉప్పునీళ్లలో మూడు నెలలు నానాకే కొయ్య ఎక్కుతాయి. అంతవరకు ప్రతి ఊళ్లో ఇద్దరు మనుషులు వంతులవారీగా సముద్రాన్ని చూస్తూ కూర్చుంటారు. మొదటి వంతు లినావ్‌లో, నాది. మేయరమ్మా, మీ ఊళ్లవాళ్లకు మీరే చెప్పండి. సైరన్ మోగలేదని ఎవరూ ఇంట్లో కూర్చోవద్దని చెప్పండి. ఇవాళే చెప్పండి.

నేను చెప్పాల్సింది అయిపోయింది. ఇప్పుడు మౌనం పాటించమని అడగాలి, ఈ బాధ్యత కూడా నాకే అప్పగించారు. లినావ్ వాళ్లారా, మీలో కొందరు లేవరని నాకు తెలుసు. నా మీద కోపంతో లేవనివాళ్లు ఇప్పుడు ఇంకొందరు ఉంటారు. మిమ్మల్ని తప్పుపట్టను. కానీ నేను నిలబడే ఉన్నాను. నేను ఆయన్ని క్షమించలేదు. క్షమించినవాళ్లే లేవాలని ఎక్కడా రాసి లేదు.

పోయినవాళ్లు పద్నాలుగు మంది. ఆయనతో పదిహేను. పదిహేను మందికీ కలిపి ఒకే ఒక్క నిమిషం.

లేవండి.